తీరిక ఎవరిది?

కొన్నేళ్ళ క్రితం తొమ్మిదో తరగతి పిల్లలకు 'నా తీరిక వేళలు' అనే అంశం మీద వ్యాసం రాయమన్నాను. మగపిల్లలు క్రికెట్టు గురించీ, చెరువులో ఈత గురించీ, సెల్‌ఫోను గురించీ రెండేసి పుటలు రాశారు. ఆడపిల్లల్లో కొందరు ముగ్గులు వేస్తామనీ, కథల పుస్తకాలు చదువుతామనీ రాశారు. ఒక అమ్మాయి మాత్రం నాలుగు వాక్యాలు రాసి కాగితం ఇచ్చేసింది. ఆదివారం అమ్మతో మిరపకోతకు పోతుందట. వచ్చాక నీళ్ళు పట్టి అంట్లు తోముతుందట. ఆ తర్వాత నిద్ర వస్తుందట. చివర 'ఇంతే సార్' అని వుంది. పదికి మూడు మార్కులు వేసి, 'విషయాన్ని విస్తరించలేదు' అని పక్కన ఎర్రసిరాతో రాశాను.

ఆ కాగితాలు తిరిగి ఇచ్చేసిన చాలా రోజులకు గాని నా తప్పు నాకు తెలియలేదు. తక్కిన వాళ్ళంతా తీరిక వున్నదనుకుని, అందులో తాము చేసే పనులు రాశారు. అసలు తీరిక వుందా లేదా అన్న ప్రశ్న దాకా వెళ్ళింది ఆ పిల్ల ఒక్కతే.

మన సాహిత్య విమర్శ కూడా ఇటువంటి మార్కులే చాలా కాలంగా వేస్తోందని నాకు అనిపిస్తుంది. ఒక రచనను తీసిపారేయాలంటే 'కాలక్షేపం సాహిత్యం' అన్న ఒక్క మాట చాలు మనకు. ఆ కాలం ఎవరిది, ఎంత, దాన్ని ఎవరు మిగల్చుకోగలుగుతున్నారు అని మాత్రం మనం అడగం. ఆటలూ, అల్లికలూ, పుస్తకపఠనమూ చిల్లర సంగతులనీ, ఉత్పత్తి రంగమే అసలు సంగతనీ ఒక అలవాటు స్థిరపడిపోయింది. కాని తీరిక అనేది ఉత్పత్తి సంబంధాలకు బయట వుండే వస్తువు కాదు. భూమి పంపిణీ ఎలా జరిగిందో తీరిక పంపిణీ కూడా అలాగే జరిగింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఇదే.

మాటలతో మొదలుపెడదాం. 'తీరిక' అన్న మాట 'తీరు' అన్న క్రియలోంచి వచ్చింది. పని తీరితే తీరిక. అంటే పనికి ఒక ముగింపు వుండాలి. పొలం దున్నడానికి ముగింపు వుంది, కచేరీలో దస్త్రం కట్టేయడానికి ముగింపు వుంది. వంటకూ, అంట్లకూ, పసిపిల్లల పెంపకానికీ ముగింపు ఎక్కడ? ఇంటిపని తీరదు కనుక ఇంటి ఆడమనిషికి తీరిక అన్న మాటే వర్తించదు. ఇక 'కాలక్షేపం'. పాతవాళ్ళు 'ఆయనకు కాలక్షేపానికి లోటు లేదు' అన్నప్పుడు బతుకుతెరువుకు లోటు లేదని అర్థం. పురాణ కాలక్షేపం, హరికథా కాలక్షేపం అంటే పదిమంది కూడి కథ వినడం. ఇంత బరువున్న మాటను తిట్టుగా మార్చుకున్నది మనమే.

ఆటల దగ్గరికి వద్దాం. తెలుగువాళ్ళ ఆటలకు లిఖితాధారాలు తక్కువేమీ కాదు. వినుకొండ వల్లభరాయుడి పేరుతో వున్న క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లో కోడిపందేలూ, పొట్టేళ్ళ పోట్లాటలూ కనిపిస్తాయి. పల్నాటి వీరచరిత్రలో కథ మలుపు తిరిగేది కోడిపందెంతో. బాలచంద్రుడు యుద్ధానికి కదిలేది కూడా బొంగరాలాటలో తన బొంగరం తగిలిన అమ్మాయి ఎత్తిపొడిచిన మాట వల్లనే. సురవరం ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినప్పుడు కావ్యాల్లోంచి ఇటువంటి ఆటపాటల వివరాలను ఏరి కూర్చారు. రాజుల యుద్ధాలతో సమానంగా జనం వేడుకలకు చరిత్రలో చోటు ఇవ్వడం ఆనాటికి చిన్న పని కాదు. అయితే కావ్యాల్లో కనిపించేవి ఎక్కువగా మగవాళ్ళ ఆటలు, అందులోనూ పందెం కాయగలిగిన వాళ్ళ ఆటలు. ఇంటి లోపలి ఆటలకు కవులు ఇచ్చిన చోటు తక్కువ.

పులి-మేక ఆటనూ, అష్టాచెమ్మానూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. పులి-మేక గళ్ళు పాత గుడి మండపాల బండల మీద, రచ్చబండల మీద చెక్కి వుండడం మన ఊళ్ళలో చూస్తూనే వుంటాం. ఒక పక్క మూడు పులులు, రెండో పక్క పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకితే ఆ మేక చచ్చినట్టు. ఏ మేకా పులిని చంపలేదు, కాని మేకలన్నీ కుదురుగా నిలబడితే పులికి కదలడానికి చోటుండదు. ఇందులో వర్గపోరాటాన్ని చూసి మురిసిపోనక్కరలేదు. భూస్వామి కూడా అదే బండ మీద మేకల పక్షాన ఆడి గెలుస్తాడు. గమనించవలసింది ఆ బండ. అది రాయి, పదిమందీ కూర్చునే చోటు వుంది, పూటల తరబడి ఆడినా అడ్డు చెప్పేవాళ్ళు లేరు. దాని మీద కూర్చునే హక్కు మగవాళ్ళది. ఆ మగవాళ్ళలోనూ ఊరి చివర పల్లెల నుంచి వచ్చినవాళ్ళు నిలబడి చూడవలసిందే గాని కూర్చోవడం కుదరని కాలం ఎంతో దూరంలో లేదు.

అష్టాచెమ్మాకు రాయి లేదు. వసారాలో సుద్దముక్కతోనో, ముగ్గుపిండితోనో అయిదేసి గళ్ళు అయిదు వరసలు గీస్తారు. నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గవ్వలు లేకపోతే చింతపిక్కలను ఒక వైపు అరగదీసుకుంటారు. వామనగుంటలకూ అంతే. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, అందులో గుప్పెడేసి చింతపిక్కలు. పీట లేకపోతే మట్టిలో గుంటలు చేసుకుంటారు. కాణీ ఖర్చు లేని ఆటలు ఇవి. గుమ్మం దగ్గరే, పొయ్యి మీది గిన్నె మీద ఒక కన్ను వేసి ఆడుకోవచ్చు. ఉయ్యాలలో బిడ్డ లేస్తే గవ్వలు అక్కడే వదిలి లేవవచ్చు, తిరిగి వచ్చి అందుకోవచ్చు. సాయంత్రం ఇల్లు ఊడ్చేటప్పుడు గళ్ళు చెరిగిపోతాయి. మగవాళ్ళ ఆట రాతి మీద నిలిచింది, ఆడవాళ్ళ ఆట పూటపూటా చెరిగిపోయింది. మధ్యలో ఆపేయడానికి వీలుగా వుండడం ఈ ఆటల స్వభావం. ఎప్పుడైనా పిలుపు రావచ్చునని ఎరిగిన మనుషులు పట్టి నిలబెట్టుకున్న ఆటలు ఇవి.

పండుగల ఆటలు కూడా ఇటువంటివే. అట్లతద్దినాడు ఆడపిల్లలు తెల్లవారక ముందే లేచి ఉయ్యాలలూగుతారు. తెలంగాణలో బతుకమ్మ తొమ్మిది రోజులు ఆడతారు. ఏడాది పొడుగునా దొరకని పొద్దును పండుగ పేరుతో, దేవత పేరుతో వాళ్ళు అడిగి పుచ్చుకున్నారు. నోము అంటే అత్తగారు కాదనలేదు. ఇక్కడ భక్తి ఎంత, ఊపిరి తీసుకునే అవసరం ఎంత అన్నది విమర్శకుడు తూకం వేయవలసిన విషయం. బతుకమ్మ ఆడే చోట కులాల మధ్య ఎడం వున్న ఊళ్ళు వున్నాయన్న సంగతి కూడా ఆ తూకంలో చేరాలి.

ఇప్పుడు కళల సంగతి. ఆడవాళ్ళు తీరిక వేళల్లో చేసేవని మనం చెప్పుకునే పనుల జాబితా ఒకసారి చదవండి: ముగ్గులు, అల్లికలు, బొంతలు కుట్టడం, వడియాలు పెట్టడం, పూలు కట్టడం. వీటిలో ఏది పని, ఏది తీరిక? ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెబితే ఎంత నష్టమో నర్సాపురం లేసు చెబుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాలో అడుగుపెట్టిన ఈ అల్లిక పని క్రమంగా ఎగుమతి పరిశ్రమ అయింది. దారం ఏజెంటు ఇస్తాడు, అల్లినదాన్ని ముక్కకు ఇంత అని లెక్కగట్టి తీసుకుపోతాడు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ అల్లికవాళ్ళ మధ్య వుండి పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆమె తేల్చిన విషయం సూటిగా వుంటుంది. గంటల తరబడి అల్లుతున్న ఆ స్త్రీలను కార్మికులుగా ఎవరూ లెక్కించలేదు. వాళ్ళు గృహిణులు, ఊరికే కూర్చోకుండా తీరిక వేళల్లో నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నారు, అంతే. తీరిక వేళ పనికి కూలిరేటు ఏమిటి? సంఘం ఏమిటి? పని గంటలు ఏమిటి? ఆ ఒక్క మాటను అడ్డం పెట్టుకుని ఎగుమతిదారులు లాభాలు తీశారు.

కాబట్టి తీరిక పేరుతో మన సమాజంలో రెండు మోసాలు నడుస్తున్నాయి. పేద ఇంటి స్త్రీ శ్రమను తీరిక అని పిలిచి దాని విలువ తగ్గించడం ఒకటి. ఇతరుల శ్రమ మీద కూర్చున్నవాడి తీరికను సంస్కృతి అని పిలిచి దాని విలువ పెంచడం రెండోది.

ఈ రెండో మోసాన్ని గురజాడ ఎప్పుడో పట్టుకున్నాడు. కన్యాశుల్కంలో మధురవాణి సమక్షంలో సాగే పేకాటను కేవలం హాస్య సన్నివేశంగా చదివి నవ్వుకోవడం మనకు అలవాటు. ఆ ఆటలో కూర్చున్నవాళ్ళు ఎవరో ఒకసారి చూడాలి. ఊరి వ్యవహారాలను ఇటు అటు చేసే మనుషులు వాళ్ళు. పొద్దున్నే నాగలి పట్టవలసిన వాడు ఒక్కడూ ఆ చుట్టులో లేడు. వాళ్ళ పొద్దు ఎలా గడుస్తుందో చూపించి, వాళ్ళు ఎవరి మీద బతుకుతున్నారో గురజాడ చెప్పకుండానే చెప్పాడు.

మొదటి మోసానికి జవాబుగా పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథను చెప్పుకోవాలి. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒక గృహిణి తన పేరు మరిచిపోతుంది. ఆ పేరు వెతుక్కుంటూ బయలుదేరుతుంది. చివరికి చిన్ననాటి స్నేహితురాలు ఒకామె పేరు పెట్టి పిలిచి, నువ్వు చదువులో మొదటిదానివి, సంగీతం పోటీలో గెలిచినదానివి, బొమ్మలు వేసేదానివి అని గుర్తు చేస్తుంది. పేరుతో పాటు ఆమెకు తిరిగి దొరికినవి పాటా, బొమ్మా. మన అధికారపత్రాల్లో 'అభిరుచులు' అని ఒక గీత ఎదురుగా ఖాళీ వదిలే వివరం ఆ కథలో మనిషి ఉనికికి రుజువుగా నిలబడింది. చిత్రలేఖనం, సంగీతం తీరిక వున్నవాళ్ళ విలాసాలు అనే అభ్యుదయవాదులు ఈ కథను మళ్ళీ చదవాలి.

పుస్తకాల దగ్గరికి వద్దాం. చదువుకునే తీరికను జనానికి అందించడం ఒక ఉద్యమంగా నడిచిన ప్రాంతం మనది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ మీద పుస్తకాలు పెట్టడంలోని ఆలోచన గమనించండి. పాఠకుడు గ్రంథాలయానికి రాలేడు, అతనికి పొద్దు లేదు. కాలువ గట్టు మీది ఊళ్ళకు పుస్తకమే వెళ్ళాలి. పడవ ప్రయాణంలో ఊరికే పోయే గంటలు చదువుకు పనికి రావాలి. పుస్తకం మంచిదా చెడ్డదా అని మాత్రమే కాకుండా, జనం రోజులో అది ఎక్కడ ఇముడుతుంది అని కూడా ఆయన ఆలోచించారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి కళాకారులు కూడా ఇలాగే ఆలోచించారు. కూలిజనం పొలం నుంచి తిరిగి వచ్చి అన్నాలు తిన్నాక మొదలయ్యే బుర్రకథనే వాళ్ళు ఎంచుకున్నారు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా 'చందమామ' పని చూశారు. విప్లవ రచయితల సంఘంలో వున్న మనిషి పిల్లల కాలక్షేపానికి అంత జీవితం పెట్టడం ఆయనకు నామోషీ అనిపించలేదు.

మరి వారపత్రికల సీరియల్ దగ్గరికి వచ్చేసరికి మనకు ఏమయింది? 1960, 70 దశకాల్లో సీరియల్ నవలలు చదివిన స్త్రీలను మన విమర్శ ఎగతాళి చేసింది. కలల రాకుమారులనీ, పలాయనవాదమనీ ఎన్నో అన్నాం. ఆ నవలల్లో చాలావాటిలోని కలలు నిజంగానే పెళ్ళి దగ్గర ఆగిపోతాయి, కాదనను. కాని వాటిని చదివిన గంటను మనం చూడలేదు.

నేను చూశాను. 1980ల చివర మా ఇంట్లో మధ్యాహ్నం అంట్లు బోర్లించాక, కుళాయి వచ్చే వేళకు ముందు, మా అమ్మకు ముప్పావుగంట దొరికేది. అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చిన వారపత్రిక అప్పుడు తీసేది. పొత్రం పక్కన గోడకు చేరగిలబడి చదివేది. ఆ సమయంలో పిలిస్తే 'ఉండరా' అనేది. మా నాన్నగారికి గాని, నాకు గాని రోజు మొత్తం మీద ఆమె 'ఉండరా' అని చెప్పగలిగింది అప్పుడే. సీరియల్ భాగం సరిగ్గా ఆ ముప్పావుగంటకు సరిపోయేది. అష్టాచెమ్మా లాగానే అదీ ఆపడానికీ మళ్ళీ అందుకోవడానికీ వీలైన రూపం.

ఆ రూపం లోపల ఏమి పెట్టాలన్నది రచయిత చేతిలో వుంది. రంగనాయకమ్మగారి 'బలిపీఠం' వారపత్రిక సీరియల్‌గానే వచ్చింది, 'జానకి విముక్తి'ని కూడా పాఠకులు మొదట వారంవారం సీరియల్‌గానే అందుకున్నారు. కలల నవల చదివిన గోడ పక్కనే, అదే ముప్పావుగంటలోనే, సంసారంలోని దాస్యాన్ని ప్రశ్నించే నవలను కూడా స్త్రీలు చదివారు. కనుక తప్పు కాలక్షేపానిది కాదు. ఆ ముప్పావుగంటను గౌరవించి అందులోకి వెళ్ళిన రచయితలు తక్కువ కావడం మన లోపం. ఆ గంటను తక్కువగా చూసి మనం దూరంగా వున్నాం, మార్కెట్టు వచ్చి అందులో కూర్చుంది.

ఇప్పుడు ఆ గంట ఇంకా చిన్నదయింది. ముప్పావుగంట ముక్కలై సెల్‌ఫోనులో అరనిమిషం బొమ్మలుగా మారింది. రచ్చబండ మీది పేకాట కూడా ఫోనులోకి వచ్చి కుటుంబాలను ముంచింది. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేయవలసి వచ్చింది. జనం తీరిక ఇంతగా వ్యాపార సరుకు అయిన కాలం మరొకటి లేదు. మన చూపు తెర మీద ఎంతసేపు నిలిస్తే అంత లాభం వచ్చే కంపెనీలు ఇప్పుడున్నాయి. జనానికి అభిరుచి పడిపోయిందని వాపోవడం దీనికి విమర్శ కాదు. రెండు బస్సులు మారి పనికి పోయే మనిషికి ముక్కలైన సమయం తప్ప మిగలనప్పుడు, ముక్కల్లో దొరికేదే చూస్తాడు.

అందుకే పని గంటల ప్రశ్న సాహిత్యానికి బయటిది కాదు. మన దేశంలో ఆదివారం సెలవు ఎవరూ ఉదారంగా ఇచ్చింది కాదు. నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వంలో కొన్నేళ్ళు అడిగాక, 1890లో బొంబాయి మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. 1948 ఫ్యాక్టరీల చట్టం పనిని రోజుకు 9 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలోకి కొత్త లేబర్ కోడ్ వచ్చింది. అదే ఏడాది రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ వారానికి 48 గంటల హద్దు అలాగే వుంటుందంటూనే, రోజు పనిని 10 గంటల దాకా సాగదీసుకునే వీలు యజమానులకు కల్పించే నిర్ణయాలు చేశాయి. పదో గంట ఎక్కడి నుంచి వస్తుంది? పుస్తకం చదివే గంట నుంచి, బిడ్డతో ఆడుకునే గంట నుంచి వస్తుంది. ఇది కార్మిక సంఘాల గొడవ అని రచయితలు అనుకుంటే, రేపు చదివేవాడు ఎందుకు లేడని అడిగే హక్కు మనకు వుండదు.

ఇంట్లో చూస్తే లెక్క ఇంకా కఠినంగా వుంది. 2024లో దేశవ్యాప్తంగా జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు అందుకు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పనిలో చేయి వేసే పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. ఈ రెంటి మధ్య తేడా 201 నిమిషాలు, అంటే మూడు గంటల పైమాటే. అభ్యుదయ సాహిత్య సభల్లో స్త్రీలు ఎందుకు తక్కువగా కనిపిస్తారని ఆశ్చర్యపడే మిత్రులు ఆ మూడు గంటలు తమ ఇంట్లో ఎవరి దగ్గర వున్నాయో ముందు చూసుకోవాలి. సభ సాయంత్రం ఆరు గంటలకు పెట్టేది మనమే.

విమర్శకులుగా, సాహిత్య విద్యార్థులుగా మనం చేయగలిగిన పని ఒకటుంది. కథనో నవలనో చదివేటప్పుడు వస్తువేమిటి, శిల్పమేమిటి అని అడుగుతున్నాం. దానితో పాటు అందులో ఎవరికి తీరిక వుంది, ఎవరు ఆడుతున్నారు, వాళ్ళు ఆడుతుండగా ఎవరు పని చేస్తున్నారు అని కూడా అడుగుదాం. ఆ రచనను ఏ మనిషి, రోజులో ఏ వేళ, ఎక్కడ కూర్చుని చదవగలడు అని అడుగుదాం. ఆ వేళకు సరిపోయే రూపాల్లో మంచి సాహిత్యం రాయడం తక్కువ పని కాదని యువ రచయితలకు చెబుదాం. ఆ వేళను పెంచే పోరాటాలలో నిలబడడం కూడా రచయిత పనే.

మిరపకోతకు పోయిన ఆ పిల్ల పదో తరగతి పాసై వెళ్ళిపోయింది. ఆ మూడు మార్కులు ఇప్పుడు దిద్దలేను. ఆ తర్వాత ఏ తరగతికీ 'నా తీరిక వేళలు' అన్న వ్యాసం ఇవ్వలేదు. 'మా ఇంట్లో ఒక రోజు' అని ఇస్తున్నాను. ఎవరు ఎన్నింటికి లేస్తారో, ఎవరు ఎన్నింటికి పడుకుంటారో, మధ్యలో ఎవరెవరు కూర్చుంటారో రాయమంటున్నాను. మొదటిసారి ఇచ్చినప్పుడు ఒక అబ్బాయి కాగితం సగంలో ఆపి లేచి నిలబడ్డాడు. 'సార్, మా అమ్మ ఎప్పుడు కూర్చుంటుందో నాకు తెలియదు. రేపు చూసి రాయనా?' అన్నాడు. రాయమన్నాను.